వాడిన నీళ్లను కొనేదెవరు?

సిద్దిపేట నుంచి హనుమకొండ పోయే దారిలో, కోహెడ మండలం బస్వాపూర్ దగ్గర మోయతుమ్మెద వాగు అడ్డం వస్తుంది. ఎండాకాలం అంతా ఇసుకే. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మాత్రం రాకపోకలు ఆగిపోయేంత నీళ్లు. ఆ నీళ్లు పోయి పోయి మానేరులో, కరీంనగర్ దగ్గర లోయర్ మానేరు డ్యాంలో కలుస్తాయి. డ్యాం నిండితే 24 టీఎంసీలు. ఈ తావు రైతుకు నీటి లెక్క చెప్పాలంటే ఇంతకంటే కంటికి ఆనే కొలత లేదు గనుక, ఆ కొలతతోనే మొదలుపెడదాం. హైదరాబాద్ మహానగరం రోజూ వాడి వదిలేసే మురుగునీరు సుమారు 195 కోట్ల లీటర్లని, 2021లో కొత్త శుద్ధి కేంద్రాలు మంజూరు చేసినప్పుడు వేసిన అంచనా. ఏడాదికి లెక్కగడితే అది 25 టీఎంసీలు. ఒక లోయర్ మానేరు డ్యాం నిండి, పైన ఇంకో టీఎంసీ. వాన కురిసినా కురవకపోయినా, గోదావరికి వరద వచ్చినా రాకపోయినా, ఏటా తప్పకుండా వచ్చే నీళ్లు తెలంగాణలో ఇవే. ఇంత నీటిని శుద్ధి చేసి ఎవరికి ఇవ్వాలి, ఎవరు డబ్బిచ్చి కొంటారు అనేది ఇప్పుడు నగరాల ముందున్న ప్రశ్న. పైకి ఇది పట్నం గొడవలాగే కనబడుతుంది. కానీ దానికి దొరికే జవాబును బట్టి కోహెడ లాంటి మెట్ట మండలాలకు మిగిలే నీళ్లెన్నో తేలుతుంది.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. మురుగును బాగుచేసే విద్య మనకు రాక నీళ్లు వృథా అవుతున్నాయని చాలామంది అనుకుంటారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంటే, నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లు. కట్టిపెట్టిన కేంద్రాల సామర్థ్యం మాత్రం 3,184 కోట్ల లీటర్లు. అంటే కట్టిన దాంట్లోనే మూడో వంతుకు పైగా ఖాళీగా ఉంది. మురుగు అక్కడిదాకా చేరే గొట్టాలు లేకపోవడం, నడిపే ఖర్చుకు డబ్బు చాలకపోవడం, ఇలా కారణాలు చాలానే ఉన్నాయి. వాటి వెనక ఇంకొకటి కూడా ఉంది. శుద్ధి అయిన నీటి కోసం అవతలి గట్టున ఎవరూ ఎదురుచూడటం లేదు. ఎదురుచూసేవాడు లేని సరుకును శ్రద్ధగా ఎవరు తయారుచేస్తారు? శుద్ధి కేంద్రం నడిపే కాంట్రాక్టరుకు కాలుష్య మండలి పరీక్ష ఒక్కటే గండం. అది గట్టెక్కితే నీళ్లు మళ్లీ నాలాలోకే. అదే నీటిని ఒక రిఫైనరీ బాయిలరుకు కొంటే, ఒక్క రోజు ఉప్పు శాతం పెరిగినా సాయంత్రానికల్లా ఫోన్ వస్తుంది. నీటి నాణ్యతను కాపాడే పనిలో ఏ ఇన్‌స్పెక్టరు కంటే కొనేవాడే గట్టివాడు.

కొనేవాళ్లు దొరికిన చోట్లు లేకపోలేదు. చెన్నైలో కొడుంగైయూర్, కోయంబేడు దగ్గర రోజుకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున మురుగునీటిని రివర్స్ ఆస్మాసిస్ దాకా శుద్ధిచేసే రెండు కేంద్రాలు 2019లో నడకలోకి వచ్చాయి. ఆ నీళ్లు ఇటు మణలి ఎరువుల, రసాయనాల కర్మాగారాలకు, అటు శ్రీపెరుంబుదూరు, ఒరగడం కార్ల కంపెనీల దిక్కు వెళ్తాయి. సూరత్‌లో బమ్రోలి కేంద్రం 2014 నుంచి రోజుకు 4 కోట్ల లీటర్లు పాండేసరా బట్టల మిల్లులకు ఇస్తోంది. నాగపూర్ మురుగు కోరాడి విద్యుత్ కేంద్రానికి పోతుంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కన ఎల్ సెగుండోలోని వెస్ట్ బేసిన్ సంస్థ 1995 నుంచి ఒకే మురుగును ఐదు రకాల నీళ్లుగా చేసి అమ్ముతోంది. పార్కులకొక రకం, కూలింగ్ టవర్లకొక రకం, బాయిలర్లకు రెండు రకాలు, సముద్రపు ఉప్పునీరు లోపలికి రాకుండా భూమిలోకి పంపడానికొక రకం. అరిజోనా ఎడారిలో, పక్కన నది గాని సముద్రం గాని లేని చోట కట్టిన పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రాన్ని చల్లబరిచేది ఫీనిక్స్ నగరపు మురుగునీరే. సింగపూర్‌లో న్యూవాటర్ అనే పేరుతో 2003 నుంచి ఇస్తున్న నీటికి పెద్ద గిరాకీ ఇళ్ల నుంచి కాదు, చిప్‌లు చేసే ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. వాళ్లకు కావలసింది మామూలు కుళాయి నీటి కంటే స్వచ్ఛమైన నీరు. మురుగు నుంచి చేసిందా, వాన నుంచి చేసిందా అన్నది వాళ్లకు పట్టింపు లేదు.

ఈ చోట్లన్నిటికీ కలిసివచ్చిన సంగతి ఒకటుంది. అక్కడ కొనేవాడికి ఇంకో దారి లేదు, లేదా ఆ దారి మూసేశారు. చెన్నై పెట్రోలియం రిఫైనరీ మురుగునీటిని తెచ్చుకుని సొంతంగా శుద్ధి చేసుకోవడం 1991లోనే మొదలుపెట్టిందంటే పర్యావరణం మీద ప్రేమ కంటే ముందు, ఊళ్లో తాగడానికే నీళ్లు లేకపోవడమే కారణం. 2019 ఎండాకాలంలో చెన్నై చెరువులు నెర్రెలు విచ్చాయి. బెంగళూరులో 2024 మార్చిలో బోర్లు ఎండిపోయాక నిర్మాణాలకు, కార్లు కడగడానికి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అదే వేసవిలో అపార్ట్‌మెంట్లు తమ శుద్ధి కేంద్రాల నీటిలో సగందాకా బయట అమ్ముకోవచ్చని కర్ణాటక ప్రభుత్వం అనుమతిచ్చింది. అప్పటిదాకా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోని బిల్డర్లు ట్యాంకర్లు పంపడం మొదలుపెట్టారు. ఐపీఎల్ మ్యాచ్‌ల కోసం చిన్నస్వామి స్టేడియం పచ్చిక కూడా శుద్ధి చేసిన నీటి మీదే బతికింది. వాడిన నీటికి గిరాకీ దానంతటది పుట్టదు. మంచినీటి కుళాయి మూసిన చోటే పుడుతుంది. బజారులో కొనేవాణ్ని వెతుక్కోవడం వేరు, కొనేవాణ్ని తయారుచేయడం వేరు. మన నగరాలు ఇప్పటికీ మొదటి పనిలోనే ఉన్నాయి.

హైదరాబాద్ దగ్గర ఈ లెక్క ఎందుకు కుదరలేదో చూద్దాం. 2016 జనవరిలో కేంద్రం తెచ్చిన విద్యుత్ టారిఫ్ విధానం ప్రకారం, మురుగు శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రాలు తప్పనిసరిగా ఆ నీటినే వాడాలి. దేశంలో ఏ పట్టణానికైనా ఇంత పెద్ద, ఇంత స్థిరమైన ఖాతాదారు ఇంకొకడు దొరకడు. కానీ మన థర్మల్ కేంద్రాలన్నీ బొగ్గు దగ్గరో, నది దగ్గరో కట్టినవి. రామగుండం గోదావరి ఒడ్డున, మణుగూరు, పాల్వంచ, చెల్పూరు బొగ్గు తావుల్లో, యాదాద్రి కేంద్రం కృష్ణకు దగ్గరగా దామరచర్లలో. హైదరాబాద్‌కు 50 కిలోమీటర్ల లోపు ఒక్కటీ లేదు. ఇక మిగిలేది జీడిమెట్ల, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు, ఐటీ భవనాల కూలింగ్ టవర్లు, చందన్‌వెల్లి వైపు వస్తున్న డేటా సెంటర్లు, ఇళ్లు కట్టేవాళ్లు, పార్కులు. పార్కులు, రోడ్డు మధ్య చెట్లు చూడటానికి బాగుంటాయి గాని 195 కోట్ల లీటర్ల పక్కన అవి చెంచాడు. ఫ్యాక్టరీలకు, టవర్లకు ఇవ్వాలంటే విడిగా ఇంకో గొట్టం వేయాలి. కొంటామని సంతకం లేనిదే గొట్టం వేయరు, గొట్టం లేనిదే సంతకం చేయరు. ఈలోగా ఫ్యాక్టరీ ఆవరణలో బోరు ఉండనే ఉంది. 2002 నాటి వాల్టా చట్టం భూగర్భ జలాన్ని అదుపు చేసే అధికారం ఇచ్చినా, బోరు నీటికి మీటరు పెట్టి డబ్బు వసూలు చేసే అలవాటు మనకు రాలేదు. ఉచితంగా భూమిలోంచి తోడుకునే నీటితో పోటీపడి గెలిచే సరుకు ఈ లోకంలో ఏదీ లేదు.

ధర మాట ఎత్తగానే 2021 నుంచి హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తున్న సంగతి తీసుకొచ్చి, అదే అసలు జబ్బు అనేవాళ్లున్నారు. ఆ వాదన సగమే నిజం. బస్తీలో బిందె నీటికి ధర పెంచినంత మాత్రాన ఏ ఫ్యాక్టరీ మురుగునీరు కొనదు. మార్చవలసింది పెద్ద కనెక్షన్ల లెక్క. మాల్, ఆసుపత్రి, ఐటీ పార్కు, బాట్లింగ్ ప్లాంట్, వందల ఫ్లాట్ల సముదాయం లాంటి చోట్ల టాయిలెట్ ఫ్లష్‌కు, కూలింగ్‌కు, తోటకు పోయే నీటిని మంచినీటి ఖాతాలోంచి తీసేయాలి. పేదవాడి కుళాయి ముట్టుకోకుండానే ఈ పని అవుతుంది. ఉచిత నీటి పథకం మీద నెపం పెట్టేవాళ్లు, పెద్ద వాడకందార్ల దగ్గరికి వెళ్లాల్సిన కష్టం తప్పించుకుంటున్నారేమో అనిపిస్తుంది.

ఇంతదాకా చెప్పింది సాధారణంగా అందరూ చెప్పే వాదనే. ఇక్కడే ఒక చిక్కు ముడి ఉంది. దాన్ని విప్పకుండా 25 టీఎంసీలు అమ్మేద్దామంటే అది పక్కవాడి గొర్రెను సంతకు తోలినట్టే. ఎందుకంటే హైదరాబాద్ మురుగు ఇప్పుడు కూడా వృథాగా పోవడం లేదు. మూసీలో పడి, నగరం దాటగానే నిజాంల నాటి కత్వల దగ్గర మలుపు తిరిగి పొలాల్లోకి పోతుంది. పీర్జాదిగూడ, పర్వతాపూర్, కొర్రెముల, ఏదులాబాద్ వరుసలో చూస్తే ఏడాది పొడుగునా పచ్చగా ఉండే నేల అది. తెల్లవారకముందే మోకాళ్ల లోతు నల్లనీటిలో దిగి పారాగడ్డి కోసి, మోపులు కట్టి, ఆటోల్లో పాలబర్రెల కొట్టాలకు చేరుస్తారు. వరి దెబ్బతిన్న చోట గడ్డే నయమని దానికి మళ్లినవాళ్లు చాలామంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఈ మూసీ గట్టు సేద్యాన్ని ఏళ్ల తరబడి చదివారు. ఇంకా కిందికి పోతే సూర్యాపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు, దాని కింద 30 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. వాన లేని నెలల్లో మూసీలో పారేది దాదాపు నగరం వదిలిన నీరే. ఎవరూ పేరు పెట్టకపోయినా, బిల్లు ఇవ్వకపోయినా, హైదరాబాద్ వాడిన నీటికి అసలైన పెద్ద వాడకందారు మూసీ రైతే. చెన్నైలోనో విశాఖలోనో మురుగు సముద్రంలో పడిపోతుంది. అక్కడ పట్టుకున్న ప్రతి లీటరూ కొత్త నీరే. హైదరాబాద్‌లో మురుగు పట్టుకుని ఫ్యాక్టరీకి ఇస్తే, ఆవిరైపోయిన ప్రతి లీటరూ కింద ఒక మడిలో తగ్గుతుంది. సముద్రపు నగరానికి, మైదానపు నగరానికి ఉన్న ఈ తేడా మన చర్చల్లో ఎందుకో కనబడదు.

అయితే మూసీ రైతుకు కావలసింది నీళ్లు ఎక్కువ కావడం కాదు, నీళ్లు మంచివి కావడం. అంబర్‌పేటలో 33.9 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రం, నాగోలులో 17.2 కోట్ల లీటర్లది ఉండగా, 2021లో 3,866 కోట్ల రూపాయలతో మొత్తం 125.95 కోట్ల లీటర్ల సామర్థ్యమున్న 31 కొత్త కేంద్రాలకు పూనుకున్నారు. అన్నీ పూర్తిగా, నిజాయతీగా నడిస్తే, మొదటి లాభం అందేది ఈ గడ్డి కోసేవాళ్ల కాళ్లకు, చేతులకు. కానీ రైతును కొనేవాడిగా లెక్కేసుకోవడం తప్పు. బోరుకు 2004 నుంచి ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇస్తున్న రాష్ట్రంలో, ఎవరో వాడి వదిలిన నీటికి డబ్బు కట్టమంటే రైతు నవ్వి ఊరుకుంటాడు. అలా అడగడం న్యాయం కూడా కాదు. మురుగును బాగుచేసి వదలడం నగరం బాధ్యత, దాని ఖర్చు నగరమే పెట్టుకోవాలి. ఈ పనిలో అందరికంటే ముందున్న ఇజ్రాయెల్ తన మురుగులో 85 శాతానికి పైగా పొలాలకు ఇస్తోంది. అక్కడ కూడా రైతు మంచినీటి కోటా వదులుకుని, దానికి బదులుగా తక్కువ ధరకు, నమ్మకంగా వచ్చే శుద్ధి నీరు పుచ్చుకున్నాడు. అంటే అది అమ్మకం కాదు, మారకం.

ఆ మారకమే ఇక్కడా దారి చూపిస్తుంది. హైదరాబాద్ ఇప్పటికే కృష్ణ నుంచి మూడు దశల్లో 16.5 టీఎంసీలు, గోదావరి మొదటి దశలో ఎల్లంపల్లి నుంచి 10 టీఎంసీలు తెచ్చుకునే ఏర్పాటు చేసుకుంది. ఆ గోదావరి గొట్టం కరీంనగర్, సిద్దిపేట జిల్లాల మీదుగానే పోతుంది. ఇప్పుడు రెండు, మూడు దశల పేరుతో మల్లన్నసాగర్ నుంచి ఇంకో 20 టీఎంసీలు తెచ్చే 7,360 కోట్ల పథకానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. అందులో 2.5 టీఎంసీలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నింపడానికి, మిగిలింది తాగునీటికి. వాడిన నీటిలో 80 శాతం మురుగై తిరిగి వస్తుందనేది ఇంజనీర్లు అందరూ ఒప్పుకునే లెక్క. అంటే ఇంకో 14 టీఎంసీల మురుగు కొత్తగా పుట్టబోతోంది. ఇప్పటి 25 టీఎంసీల మీద మూసీ రైతుకు అలవాటు హక్కుంది. రాబోయే 14 టీఎంసీల మీద ఇంకా ఎవరికీ హక్కు లేదు. అమ్ముకోగలిగింది, అమ్మవలసింది ఇదే. పాత నీళ్లు బాగుచేసి నదికి వదలండి, కొత్త నీళ్లు మరింత శుద్ధిచేసి ఫ్యాక్టరీకి, కూలింగ్ టవర్‌కు, ఫ్లష్‌కు అమ్మండి. అలా అమ్మిన ప్రతి టీఎంసీకి గోదావరి నుంచి తెచ్చే నీళ్లు ఒక టీఎంసీ తగ్గించండి. ఈ మూడూ ఒక్కటే ఒప్పందంగా నడవాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ నగరం ఇంకా ఉబ్బడానికి పనికొస్తాయంతే.

కోహెడకు ఇందులో వచ్చేదేమిటని అడిగేవాళ్లుంటారు. మూసీ కృష్ణలో కలిసే నది, కోహెడ నీళ్లు మానేరు ద్వారా గోదావరికి పోయేవి. హైదరాబాద్ శుద్ధి చేసిన ఒక్క చుక్క కూడా మోయతుమ్మెద దాకా రాదు. నిజమే. కానీ ఎల్లంపల్లి ఒకటే, దాని నీటికి చేతులు చాచేవాళ్లు చాలామంది. 2023 అక్టోబరులో కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక ఆ సంగతి మరీ తేటతెల్లమైంది. పైనుంచి వచ్చేది ఎల్లంపల్లిలో నిలిస్తేనే మిడ్ మానేరుకు, అక్కడినుంచి మల్లన్నసాగర్‌కు ఎత్తిపోతలు. అదే జలాశయం నుంచి హైదరాబాద్ తాగునీరు, అదే జలాశయం మీద రామగుండం. హుస్నాబాద్ మెట్టకు ఏళ్లుగా ఎదురుచూస్తున్న గౌరవెల్లి నీళ్లు కూడా మిడ్ మానేరు మీదే ఆధారం. వరికి టీఎంసీకి సుమారు 6 వేల ఎకరాలు అనుకుంటే, 14 టీఎంసీలంటే 80 వేల ఎకరాల పైమాట. అందులో ఎంత ఈ వైపు మిగులుతుందో ఇప్పుడే చెప్పలేం గాని, మిగలడానికి ఆస్కారమున్న చోటు అదొక్కటే.

శుద్ధి చేసిన నీరు మంచినీటి కంటే ఖరీదని పరిశ్రమల వాదన. దీనికి జవాబు కరెంటు లెక్కలో ఉంది. ఎల్లంపల్లి పూర్తి నీటిమట్టం సముద్ర మట్టానికి 148 మీటర్లు, మల్లన్నసాగర్‌ది 557 మీటర్లు. వెయ్యి లీటర్లను 409 మీటర్లు పైకెత్తాలంటే, పంపుల నష్టాలు కలుపుకుని సుమారు 1.4 యూనిట్ల కరెంటు కావాలి. దారిలో దిగి మళ్లీ ఎక్కేది ఇందులో కలపలేదు. అదే వెయ్యి లీటర్ల మురుగునీటిని రివర్స్ ఆస్మాసిస్ దాకా, అంటే బాయిలరుకు పోసేంత శుభ్రంగా చేయడానికి ఒక యూనిట్‌కు కొంచెం అటూ ఇటూ పడుతుంది. మురుగును బాగుచేయడం ఖరీదు కాదు. గోదావరిని గుట్టెక్కించే ఖర్చు ఫ్యాక్టరీ బిల్లులో కనబడకుండా రాష్ట్ర ఖజానాలో దాక్కుంది, అంతే. ఆ ఖర్చును మంచినీటి బిల్లులో చూపించిన రోజున ఫ్యాక్టరీలే వచ్చి శుద్ధి కేంద్రం గేటు తడతాయి.

ఆరోగ్యం మీద వచ్చే అభ్యంతరం ఇంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచమంతా మాట్లాడేటప్పుడు పటాన్‌చెరు పేరు వస్తుందంటే అందుకే. ఇళ్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఇలాంటి రసాయనాలను పట్టుకోలేదు. అది పట్టేది మలినం, రోగక్రిములు, కొంత నత్రజని. కాబట్టి ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని ఇళ్ల మురుగులో కలపడం ఆపకుండా పునర్వినియోగం గురించి మాట్లాడటం, పాలలో విషం కలిపి వడగట్టడం లాంటిది. ఇదే కారణంతో మొదటి ఖాతాదారు పొలం కాకుండా కూలింగ్ టవర్ కావాలనేది ఈ వ్యాసం పట్టుదల. టవర్ నీటిని ఎవరూ తినరు.

కోలార్ అనుభవం ఈ విషయంలో రెండు వైపులా చెబుతుంది. తెలుగు మాట విరివిగా వినిపించే ఆ జిల్లాలో, వెయ్యి అడుగులు దాటిన బోర్లు కూడా ఎండిపోయాక, 2018 జూన్‌లో బెంగళూరు కోరమంగళ-చల్లఘట్ట లోయ నుంచి రోజుకు 44 కోట్ల లీటర్ల లెక్కతో రెండో దశ శుద్ధి మాత్రమే అయిన నీటిని చెరువులకు పంపడం మొదలుపెట్టారు. మరుసటి నెలలోనే లక్ష్మీసాగర చెరువులో తెల్లటి నురగ పొంగింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ తర్వాత చెరువులు నిండాయి, బోర్లలో నీటిమట్టం లేచింది, బీడు పడ్డ నేల మళ్లీ సాగుకొచ్చింది. మూడో దశ శుద్ధి కావాలని అక్కడి రైతు సంఘాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి. వాళ్లు నీళ్లు వద్దనడం లేదు, సరైన నీళ్లు ఇవ్వమంటున్నారు. ఆ తేడాను నగరపు ఇంజనీర్లు మొదటి రోజే వినివుంటే కోర్టు ఖర్చులు తప్పేవి. రోత సంగతి కూడా ఇలాంటిదే. ఆస్ట్రేలియాలో టూవూంబా పట్టణం 2006లో ఓటు పెట్టి, 62 శాతం మంది వద్దనడంతో మురుగును తాగునీరుగా మార్చే ఆలోచన మానుకుంది. నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచి తాగుతూనే ఉంది. మనకు ఆ తగాదా అవసరమే లేదు. తాగడానికి తప్ప మిగతా పనులకే ఇంత నీరు కావలసి ఉండగా, ముందే గ్లాసులో పోసి చూపించడం దేనికి?

ఈ లెక్కలో సులువైన పరీక్ష విశాఖపట్నానిది. ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ, సింహాద్రి థర్మల్ కేంద్రం, వీటికి తోడు 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రం, అన్నీ ఒకే నగరం చుట్టూ. మురుగు పోయేది సముద్రంలోకి, కింద ఏ రైతూ లేడు. అయినా ఉక్కు ఫ్యాక్టరీకి నీళ్లు ఏలేరు నుంచి 153 కిలోమీటర్ల కాలువలో రావాల్సి వస్తోంది. అమ్మేవాడు, కొనేవాడు గోడకు అటూ ఇటూ ఉన్న ఈ చోట కూడా బేరం పూర్తిగా కుదరకపోతే, తప్పు బజారుది కాదు, బేరం కుదర్చాల్సిన ప్రభుత్వానిది.

ఇక కోహెడ లాంటి ఊళ్ల సొంత మురుగు మాట. దీన్ని నగరం మురుగుతో కలిపి పెద్ద పెద్ద మాటలు చెప్పడం కొందరికి అలవాటు. ఒక చిన్న లెక్క వేస్తే వేడి చల్లారుతుంది. మూడు వేల మంది ఉన్న ఊరికి మిషన్ భగీరథ లెక్కన మనిషికి రోజుకు 100 లీటర్లు పూర్తిగా అందుతున్నాయనుకుందాం. అందులో 80 శాతం మోరీలోకి వస్తే రోజుకు 2 లక్షల 40 వేల లీటర్లు. 120 రోజుల యాసంగిలో 2 కోట్ల 88 లక్షల లీటర్లు. అది ఆరెకరాల వరికి సరిపోతుంది, అంతే. దీనికి కొనేవాళ్లను వెతకడమంటే మేకపిల్లకు అంబారీ కట్టడం. ఇదే సిద్దిపేట జిల్లాలో ఇబ్రహీంపూర్ ఇంటింటికీ ఇంకుడుగుంత తవ్వి మోరీ అవసరమే లేకుండా చేసుకుంది. చాలా ఊళ్లకు ఆ పద్ధతి చాలు. స్వచ్ఛ భారత్ రెండో దశలో 5 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు మోరీ నీటి పనుల కోసం మనిషికి 280 రూపాయల దాకా ఇస్తారు. మూడు వేల మందికి 8 లక్షల 40 వేలు. పెద్ద యంత్రాలకు చాలని డబ్బే గాని, మోరీ చివర రెండు గుంతలు, ఒక తుంగ మడి, ఒక చిన్న పంపుకు సరిపోతుంది.

ఎందుకంటే ఊళ్లోనూ ఒక ఖాతాదారు ఉన్నాడు, అతన్ని మనం ఖాతాదారుగా చూడలేదు. పల్లె ప్రగతి కింద ప్రతి పంచాయతీకి ఒక నర్సరీ, ఒక పల్లె ప్రకృతి వనం, ఒక వైకుంఠధామం, వాటి చెట్లకు నీళ్లు పోయడానికి ఒక ట్రాక్టరు, ఒక ట్యాంకరు వచ్చాయి. పొద్దున ఏడు గంటలకు ఆ ట్యాంకరు ఏదో బోరు దగ్గర పైపు పెట్టుకుని నిండుతుంది. పది అడుగుల అవతల, అదే ఊరి గిన్నెలు కడిగిన నీళ్లు మోరీ చివర కుంటలో నిలిచి, గుర్రపుడెక్క అల్లుకుని, దోమలు పెంచుతుంటాయి. డ్రైవరు ఆ కుంట పక్కనుంచే ట్యాంకరు తిప్పుకుని నర్సరీకి పోతాడు. అతను పైపు అటు వేయడానికి కావలసింది రెండు రోజులు నీరు తేరుకునే గుంత, ఇసుక, కంకర పరిచిన ఇంకో గుంత, ఐదు హార్స్‌పవర్ల మోటారు, నర్సరీ నీటికి బోరు వాడొద్దని పంచాయతీ చేసే ఒక తీర్మానం.